అక్టోబరు కొండల్లో బేర్ స్ప్రే, తిండి డబ్బా: కొన్నేళ్ల వాడకం తర్వాత

అక్టోబరు రెండో వారం దాటాక అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్క్ మా వంటి వాళ్లకు దక్కుతుంది. వేసవిలో కారు ఆపడానికి జాగా దొరకని చోట్ల అప్పుడు మనిషి కనిపించడు. లార్చ్ చెట్ల సన్నని ఆకులు బంగారు రంగుకు తిరిగి, గాలి వీచినప్పుడల్లా బాట మీద రాలుతుంటాయి. పార్కును అడ్డంగా దాటే గోయింగ్ టు ది సన్ రోడ్డులో ఎత్తైన భాగాన్ని మామూలుగా అక్టోబరు మూడో సోమవారానికల్లా మూసేస్తారు, మంచు ముందే పడితే ఇంకా ముందే. మేము సియాటిల్ నుంచి రోజంతా కారు నడుపుకుంటూ వెళ్లేది ఈ రోజుల కోసమే.

ఈ కొండల్లో నల్ల ఎలుగులు, గ్రిజ్లీలు (గోధుమ రంగు ఎలుగుల్లో ఒక రకం) రెండూ ఉన్నాయి. అందుకని ఏళ్ల తరబడి నా ఒంటి మీద ఒక బేర్ స్ప్రే (ఎలుగు మీదకొస్తే కొట్టే మిరప స్ప్రే), రాత్రి బసలున్న ప్రయాణాల్లో సంచిలో తిండి ఎలుగులకు దక్కకుండా దాచే ఒక గట్టి డబ్బా ఉంటున్నాయి. వీటి మీద నేను చదివిన అభిప్రాయాలన్నీ జులై, ఆగస్టు వాడకం మీద రాసినవే. చలి మొదలయ్యాక ఇవే వస్తువులు మరోలా ప్రవర్తిస్తాయి. స్ప్రే విషయంలో ఆ తేడా ప్రాణాల మీదకు తేగలదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు ఈ కాలం ఎందుకు వేరో చెప్పాలి. ఎలుగుకు ఏడాదిలో అన్నిటికన్నా ఆకలి కాలం ఇదే. నెలల తరబడి సాగే శీతనిద్రకు కొవ్వు కూడబెట్టుకోవడానికి రోజుకు 20,000 క్యాలరీల దాకా తింటుంది. హకిల్‌బెర్రీలు అప్పటికి అయిపోయి ఉంటాయి. నేల తవ్వి దుంపలు పెకలిస్తుంది, ఉడుతలు దాచుకున్న వైట్‌బార్క్ పైన్ కాయల కుప్పలు దోచుకుంటుంది, చచ్చిన జంతువు దొరికితే దాని దగ్గరే కాపలా పడుకుంటుంది. తల దించి తిండిలో మునిగిపోయిన ఎలుగు మనిషి అలికిడిని ఆలస్యంగా గమనిస్తుంది. దగ్గరికొచ్చాక ఉలిక్కిపడితే ప్రమాదం అక్కడే. మంచు పడిందంటే ఎలుగులన్నీ గుహల్లోకి వెళ్లిపోయి ఉంటాయని చాలామంది అనుకుంటారు. మగ గ్రిజ్లీలు నవంబరులోనూ తిరుగుతూనే ఉంటాయి.

ఇక స్ప్రే. ఇందులో ఉండేది మిరపకాయల ఘాటు పదార్థం. అమెరికా పర్యావరణ సంస్థ నమోదు ఉన్న బేర్ స్ప్రేలో ఆ పదార్థం 1 నుంచి 2 శాతం ఉంటుంది. మనుషుల నుంచి ఆత్మరక్షణకు అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి ప్రత్యామ్నాయం కాదు. దాని నుంచి సన్నని ధార వస్తుంది, దీని నుంచి మేఘం వస్తుంది. కనీసం 225 గ్రాముల డబ్బా, 25 అడుగులకు తగ్గని దూరం చూసి తీసుకోవాలి. ఇది నిజంగా పని చేస్తుందా అని అడిగేవారికి నేను చూపేది టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనం. 1985 నుంచి 2006 వరకు అలాస్కాలో స్ప్రే వాడిన సంఘటనలను వాళ్లు పరిశీలించారు. గోధుమ రంగు ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సందర్భాల్లో స్ప్రే వాటిని ఆపింది. దగ్గరగా ఎదురుపడినప్పుడు స్ప్రే చేతిలో ఉన్నవారిలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. అంత నమ్మకమైన సాధనం సంచి అడుగున పడి ఉంటే మాత్రం లేనట్టే.

నడుము పట్టీకి తగిలించుకోవడం వేసవిలో బాగానే ఉంటుంది. అక్టోబరులో స్వెటరు, దాని మీద కోటు, వాన వస్తే ఇంకో కోటు వేసుకుంటాం. పై కోటు అంచు జారి స్ప్రే మీద కప్పేస్తుంది. పరుగున వచ్చే గ్రిజ్లీ దూరాన్ని సెకన్లలో దాటేస్తుంది, కోటు పైకెత్తి వెతుక్కునే వ్యవధి ఉండదు. అందుకే అన్ని బట్టల పైన, ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్‌కు (స్ప్రే పెట్టుకునే ఒరకు) మారాను. ఈ మొత్తం సరంజామాలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దీన్నే. కూర్చున్నా, వంగి బూటు తాడు కట్టుకున్నా, సంచి దించినా స్ప్రే నాతోనే ఉంటుంది. మొదట వాడిన హోల్‌స్టర్ మూత వెల్క్రోది. తడి మంచులో నానిన మర్నాడు ఉదయం అది గడ్డకట్టి బిగుసుకుంది. ఇప్పుడున్నదానికి సాగే పట్టీ మాత్రమే ఉంది, ఏ చలిలోనూ మొరాయించలేదు.

చేతి తొడుగుల సంగతి కూడా ఇంతే ముఖ్యం. మందపాటివి వేసుకుంటే బొటనవేలుకు సేఫ్టీ క్లిప్ తగలదు. నడిచేటప్పుడు పలుచని ఉన్ని తొడుగులే వేసుకుంటాను, మందపాటివి ఆగినప్పుడు. ట్రెక్కింగ్ కర్రల పట్టీలను మణికట్టుకు చుట్టుకోను, ఎందుకంటే స్ప్రే అందుకోవాలంటే ముందు కర్ర చేతిలోంచి జారిపోవాలి.

అసలు ఘాటు లేకుండా సాధన కోసమే అమ్మే స్ప్రేలు ఉన్నాయి. వాటిని రెండు కొని ఒక గడ్డకట్టే ఉదయం పరీక్షించాను. ఒకటి రాత్రంతా కారులో వదిలేసినది, ఇంకొకటి కోటు లోపల వెచ్చగా ఉంచినది. చల్లబడిన దాని మేఘం కంటికి తెలిసేంతగా తక్కువ దూరం వెళ్లింది, వెళ్లినది కూడా పలుచగా ఉంది. డబ్బాలోని వాయువు ఒత్తిడి చలికి తగ్గడమే కారణం. అప్పటి నుంచి రాత్రి స్ప్రేను నిద్రసంచీ పక్కన, బట్టల్లో చుట్టి ఉంచుతున్నాను. గుడారంలో అది చేతికందేలా ఉండడం ఎలాగూ అవసరమే. సాధన చేస్తే ఇంకో సంగతి బోధపడుతుంది: స్ప్రే అంతా కొద్ది సెకన్లలో అయిపోతుంది. అందుకే ఒక్క క్షణం నొక్కి చూసి, మళ్లీ నొక్కడం నేర్చుకోవాలి. ఎలుగు మీదకు వస్తుంటే 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగానే, కాస్త కిందికి గురిపెట్టి మొదలుపెట్టాలి. అది ఆ మేఘంలోకి పరిగెత్తుకు రావాలన్నమాట. ఎదురుగాలిలో కొంత మన మొహానికీ తగులుతుంది, అయినా నొక్కాల్సిందే.

నిజమైన స్ప్రేను ఇంతవరకు నొక్కాల్సిన అవసరం రాలేదు. ఒక్కసారి క్లిప్ తీశాను. వాగు హోరులో మా మాటలు వినిపించని ఒక మలుపులో, పొదల మధ్య గ్రిజ్లీ తల ఎత్తింది. భుజాల మీది మూపురం చూసి అది గ్రిజ్లీ అని పోల్చుకున్నాం (రంగును నమ్మకూడదు, నల్ల ఎలుగులు గోధుమ రంగులోనూ ఉంటాయి). పరిగెత్తకుండా, నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేశాం. అది ఒకసారి బుసకొట్టి పొదల్లోకి వెళ్లిపోయింది. అప్పటికి స్ప్రే నా చేతిలో, వేలు మీట మీద ఉంది. దాన్ని తీసిన జ్ఞాపకం కూడా లేదు నాకు. సాధన అందుకే.

స్ప్రేను దోమల మందులా గుడారం చుట్టూ, సంచుల మీద కొట్టేవారిని చూశాను. దయచేసి అలా చేయకండి. ఆరిన మిరప వాసన ఎలుగులను తరమదు, దగ్గరికి రప్పిస్తుంది.

తిండి డబ్బా సంగతి. నాది పారదర్శకమైన పాలికార్బనేట్ డబ్బా, 11.5 లీటర్లు, ఖాళీది 1.16 కిలోలు. గ్లేసియర్ క్యాంపుల్లో తిండి వేలాడదీసే స్తంభాలో, ఇనుప పెట్టెలో ఉంటాయి. ఒలింపిక్ నేషనల్ పార్క్ సముద్రతీరం వంటి చోట్ల మాత్రం ఇలాంటి డబ్బా తప్పనిసరి. ఈ డబ్బాలను వెస్ట్ ఎల్లోస్టోన్‌లోని కేంద్రంలో బందీగా ఉన్న గ్రిజ్లీల ముందు పడేసి పరీక్షిస్తారు. 60 నిమిషాలు అవి కొరికినా, గెంతినా పగలకపోతేనే ఆమోదం. గట్టిదనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మూత మీద ఉంది. లోపలికి నొక్కాల్సిన బొడిపెలు చలికి బిగుసుకుంటాయి, మొద్దుబారిన వేళ్లతో తెల్లవారుజామున తెరవడం యాతన. పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి సందులోకి దూర్చి బొడిపెను నొక్కితే సులువుగా తిరుగుతుంది. ఆ కార్డు డబ్బాకే టేపుతో అంటించి ఉంచాను. నిలబెట్టి వదిలితే వాననీరు మూత చుట్టూ చేరుతుంది, అందుకని పక్కకు పడుకోబెడతాను. బొడిపెల మూతలను ఎలుగులు అసలు తెరవలేవనుకోకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో ఒక ఆడ నల్ల ఎలుగు అలాంటి మూత తెరవడం నేర్చేసుకుంది. ప్రాంతాన్ని బట్టి ఏ డబ్బాకు ఆమోదం ఉందో అడిగి కొనడం మంచిది.

మన వంటలకు ఈ డబ్బా ఇంకా అవసరం. ఆవకాయ, వెల్లుల్లి కారం, పులిహోర పేస్టు, నేతి సీసా: ఎలుగు ముక్కుకు ఇవి ఎంత దూరం నుంచైనా పిలుపే. అన్నిటినీ ఇంట్లోనే చిన్న జిప్ కవర్లలోకి మార్చి, గాలి పిండేసి సర్దుతాను. ఇద్దరికి మూడు రోజుల తిండి పట్టి, పైన కాస్త చోటు మిగులుతుంది. ఆ చోటు టూత్‌పేస్టుకు, లిప్ బామ్‌కు, కొబ్బరినూనె సీసాకు, చెత్త కవరుకు. మా ఇంట్లో అందరూ మరిచేది కొబ్బరినూనెనే. తిండి కాదు కదా అని దాన్ని గుడారంలో పెట్టుకుంటారు. తాలింపు వాసన పట్టిన చొక్కాతో పడుకోవడం కూడా మానాలి. వండే చోటు, డబ్బా ఉంచే చోటు రెండూ గుడారానికి 100 గజాల దూరంలో ఉండాలి. డబ్బాను చెట్టుకు కట్టకూడదు, వాలు అంచున, నీటి పక్కన పెట్టకూడదు, ఎలుగు దొర్లిస్తే మళ్లీ దొరకదు.

మన రాక ఎలుగులకు తెలియాలని బూట్లకు కట్టుకునే గంటలు మాత్రం కొనకండి. ఆ చిన్న చప్పుడు వాగు పక్కన మనకే వినపడదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం మాకు తెలుసు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో జరిగిన దాడుల్లో ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. మన ఎలుగుకు శీతనిద్ర లేదు, స్వభావం వేరు, కానీ దగ్గరలో ఉలిక్కిపడితే మీద పడడం దానికీ ఉంది. తోటకు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లమని మా పెద్దలు చెప్పిందే గ్లేసియర్ రేంజర్లూ చెప్తారు. మలుపుల దగ్గర, పొదల్లో, వాగుల పక్కన చప్పట్లు కొడుతూ పిలుస్తాం. పిల్లలుంటే అంత్యాక్షరి ఆడిస్తాం. మూడు నాలుగు గొంతులు కలిస్తే చాలు.

పార్కు లోపల వేట నిషేధం, చుట్టూ ఉన్న జాతీయ అడవుల్లో ఆ నిషేధం ఉండదు. మోంటానాలో జింకలు, ఎల్క్‌ల తుపాకీ వేట అక్టోబరు చివర మొదలవుతుంది. అప్పుడు అడవిలోకి వెళ్తే నారింజ రంగు చొక్కా వేసుకుంటాను. వేటగాళ్లు వదిలిన పేగుల కోసం గ్రిజ్లీలు వస్తాయి. కాకులు, మ్యాగ్‌పైలు ఒకచోట గుమిగూడి అరుస్తుంటే అటు వెళ్లకుండా వచ్చిన దారినే తిరిగి వస్తాం. నవంబరులో గడియారాలు వెనక్కి జరిగాక సాయంత్రం 5:30కల్లా చీకటి, కాబట్టి 4 గంటలకు కారు దగ్గర ఉండేలా చూసుకుంటాం.

విమానంలో వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాలి: స్ప్రేను చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ అనుమతించరు. ఎల్లోస్టోన్, గ్లేసియర్ పరిసరాల్లో అద్దెకు దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో అసలు వాడకూడదు, అక్కడ తిండి డబ్బాయే తప్పనిసరి. ఎండలో ఆపిన కారులో స్ప్రేను వదలకండి, 49 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది. గడువు మూడు నాలుగేళ్లే. నా స్ప్రేది వచ్చే వేసవికి ముగుస్తుంది, మళ్లీ అదే రకం కొంటాను. డబ్బా మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు. మొదటిసారి కొనేవాళ్ల దగ్గర ఒక్క వస్తువుకే డబ్బుంటే స్ప్రే కొని, డబ్బాను రేంజర్ కార్యాలయంలో అడగండి. కొన్ని పార్కుల్లో వాటిని అక్కడే ఇస్తారు.