డేటా సేకరణకు ముందే వెళ్లవలసిన చోటు: ఒక పరిశోధన సలహా కేంద్రంపై సమీక్ష

స్నాతకోత్తర విద్యార్థులకు, పీహెచ్‌డీ పరిశోధకులకు పరిశోధన రూపకల్పనలోనూ దత్తాంశ విశ్లేషణలోనూ సాయపడేందుకు మా విశ్వవిద్యాలయం ఒక సలహా కేంద్రాన్ని నడుపుతోంది. సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) దశ నుంచి థీసిస్ సమర్పణ దాకా నేను ఆ సేవను వాడుకున్నాను. ఇటువంటి కేంద్రాలు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. డబ్బు తీసుకుని విశ్లేషణ మొత్తం చేసిపెడతామనే బయటి సంస్థలూ ఉన్నాయి. వీటిలో దేని దగ్గరికి వెళ్లాలో, వెళ్లి ఏమి అడగాలో తేల్చుకోలేక గడువు ముంచుకొచ్చాక పరుగులు పెట్టే విద్యార్థులు ఎక్కువ కనుక నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. ఈ సేవలోని అసలు విలువ విశ్లేషణలో కంటే రూపకల్పనలోనే ఉందని, ప్రశ్నావళి ఒక్కటి కూడా పంచకముందే వెళ్లిన వారికే దాని పూర్తి ఫలం దక్కుతుందని నా గట్టి అభిప్రాయం.

మొదటి సమావేశంలో సలహాదారు కంప్యూటరు జోలికే పోలేదు. పరిశోధన ప్రశ్నను ఒకే వాక్యంలో రాయమని, అందులో దేన్ని కారణంగా భావిస్తున్నానో, దేన్ని ఫలితంగా చూస్తున్నానో, ఆ ఫలితాన్ని దేనితో కొలుస్తానో, ఎవరిని ఎవరితో పోలుస్తానో విడివిడిగా గుర్తించమని అడిగారు. ఆ తర్వాత ప్రతి పరికల్పన (పరీక్షించదలచిన ఊహ) పక్కన దానికి కావలసిన చరాలు (కొలవదలచిన అంశాలు), వాటిని కొలిచే పద్ధతి, వాడబోయే పరీక్ష రాయించి, చివరగా థీసిస్‌లో రాబోయే ఫలితాల పట్టికలను అంకెలు లేకుండా ఖాళీగా గీయించారు. ఖాళీ పట్టికలు గీయడం మొదట వృథా శ్రమగా అనిపించవచ్చు కానీ, ప్రశ్నావళిలోని ఏ ప్రశ్న ఏ గడిలోకీ చేరడం లేదో, ఏ గడికి కావలసిన ప్రశ్న అసలు లేదో అప్పుడే బయటపడుతుంది. డేటా చేతికి వచ్చాక ఆ లోటును పూడ్చే మార్గం ఉండదు.

నమూనా పరిమాణం, అంటే ఎంతమంది నుంచి డేటా తీసుకోవాలన్న విషయంలో ఈ కేంద్రం చేసే మేలు ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. ఎన్నో థీసిస్‌లలో నమూనా 384 అని కనిపిస్తుంది. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ప్రచురించిన పట్టికలో చాలా పెద్ద జనాభాకు ఇచ్చిన సంఖ్య అది. సాధారణ యాదృచ్ఛిక నమూనా తీసుకుని, ఒక నిష్పత్తిని 95 శాతం విశ్వాసంతో, అటూ ఇటూ 5 శాతం తేడాకు లోబడి అంచనా వేయదలచినప్పుడు ఆ సంఖ్య సరిపోతుంది. రెండు బృందాల సగటులను పోల్చే అధ్యయనానికి దానితో నిమిత్తం లేదు. అక్కడ ఎంత తేడాను పట్టుకోదలచామన్నది ప్రశ్న. తేడా ప్రామాణిక విచలనంలో (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) సగం మేర ఉంటుందనుకుంటే, 5 శాతం సార్థకత స్థాయిలో (లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతానికి మించకుండా) 80 శాతం శక్తి (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) కోసం ఒక్కో బృందంలో 64 మంది కావాలి. తేడా ప్రామాణిక విచలనంలో ఐదో వంతే అయితే ఒక్కో బృందానికి 394 మంది కావలసి వస్తుంది. ఉచితంగా దొరికే జీపవర్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను క్షణంలో చేస్తుంది కానీ, ఎంత తేడాకు అర్థం ఉంటుందో అది చెప్పలేదు. పూర్వ అధ్యయనాలను చదివి, ఆ రంగంలో ఎంత మార్పు వస్తే ఉపయోగమో ఆలోచించి, ఆ అంకెను విద్యార్థే తేవాలని కేంద్రం పట్టుబడుతుంది. ఆ పట్టుదలను నేను మనసారా సమర్థిస్తాను.

నా అధ్యయనం ఒక బోధనా పద్ధతికి సంబంధించినది కనుక మరో సంగతి కూడా చర్చకు వచ్చింది. 20 తరగతుల నుంచి 20 మంది చొప్పున 400 మంది పిల్లలను తీసుకోవాలన్నది తొలి ప్రతిపాదన. ఒకే తరగతి పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒకరే, గది వాతావరణం ఒకటే. అందువల్ల వారి మార్కులు కొంతమేర ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలికను కొలిచే అంతర్వర్గ సహసంబంధ గుణకం 0.05 మాత్రమే అనుకున్నా, రూపకల్పన ప్రభావం (ఈ పోలిక వల్ల నమూనా విలువ ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే సంఖ్య) 1.95 అవుతుందని సలహాదారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. తరగతికి తీసుకున్న పిల్లల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, మిగిలిన 19ని గుణకంతో హెచ్చించి, దానికి 1 కలిపితే వచ్చే విలువ అది. అంటే ఆ 400 మంది ఇచ్చే సమాచారం, విడివిడిగా ఎంపిక చేసిన 205 మంది ఇచ్చే సమాచారంతో సమానం. గుణకం 0.15 అయితే అది 104కు పడిపోతుంది. అదే 400 మందిని 40 తరగతుల నుంచి 10 మంది చొప్పున తీసుకుంటే ఆ రెండు విలువలూ 276, 170 అవుతాయి. పిల్లల సంఖ్య పెరగలేదు, వారిని తీసుకునే తీరు మాత్రమే మారింది. ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను హెచ్చరించని ఇలాంటి విషయాన్ని సేకరణకు ముందే తెలుసుకోగలగడం కంటే పరిశోధకుడికి కావలసింది ఏముంటుంది?

విశ్లేషణ దశలో ఇచ్చే సాయం కూడా మేలైనదే. అక్కడ ముందుగా డేటాను శుభ్రం చేయిస్తారు. నాతో పాటు కూర్చున్న మరో విద్యార్థి ఫైలులో, 1 నుంచి 5 వరకే జవాబులున్న ఒక ప్రశ్నకు సగటు 5.79 వచ్చింది. 400 మందిలో 10 మంది జవాబివ్వలేదు; ఆ ఖాళీలకు గుర్తుగా నింపిన 99ని ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లోపించిన విలువగా ప్రకటించకపోవడంతో అది మామూలు జవాబుగా లెక్కలో చేరిపోయింది. ఆ పదింటినీ తీసేస్తే సగటు 3.4. వ్యతిరేకార్థంలో అడిగిన ప్రశ్నలకు అంకెలను తిరగవేయకుండా ప్రశ్నల మధ్య పొందికను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా లెక్కిస్తే విశ్వసనీయత తక్కువగా కనిపిస్తుందని, అప్పుడు మంచి ప్రశ్నలనే తొలగించే ప్రమాదం ఉందని కూడా అక్కడ సోదాహరణంగా చూపిస్తారు. పీ విలువ (అసలు ప్రభావమే లేకపోతే ఇంత తేడా లేదా ఇంతకు మించిన తేడా కనిపించే అవకాశం) విషయంలో కేంద్రం వైఖరి కచ్చితంగా ఉంటుంది. అసలు ఏ ప్రభావమూ లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలను 0.05 స్థాయిలో చేస్తే కనీసం ఒకటైనా సార్థకంగా కనిపించే అవకాశం 64 శాతం. అందుకే ముందుగా రాసుకున్న పరికల్పనలను, డేటా చూశాక తోచిన ఆలోచనలను థీసిస్‌లో వేరువేరుగా చూపమంటారు. పీ విలువ ప్రభావం ఎంత పెద్దదో చెప్పదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటించినా, సార్థకమైన ఫలితాల పక్కన నక్షత్రపు గుర్తులు పెట్టి సరిపుచ్చే అలవాటు ఇంకా పోలేదు. ఇక్కడ మాత్రం ప్రభావ పరిమాణం, విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) రాయకుండా ఏ పట్టికనూ ముందుకు కదలనివ్వరు.

విశ్లేషణను విద్యార్థి చేతనే చేయించడం ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం. సలహాదారు పక్కన కూర్చుని చూస్తారు, ప్రశ్నిస్తారు, దారి చూపుతారు. ఆదేశాలను ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయవలసింది మాత్రం మనమే. రాసిన స్క్రిప్టును వ్యాఖ్యలతో సహా భద్రపరచుకోవాలి. పరీక్షకులు ఒక ఉపబృందాన్ని మినహాయించి మళ్లీ లెక్కించమన్నప్పుడు ఆ స్క్రిప్టు ఎంత ఆదుకుంటుందో చెప్పనక్కర్లేదు. విశ్లేషణ అధ్యాయాన్ని తయారుగా చేతిలో పెట్టే బయటి సేవ ఈ భరోసా ఇవ్వలేదు. వైవాలో ఈ పరీక్షనే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే జవాబు చెప్పవలసింది విద్యార్థే కదా! పైగా, మరొకరు చేసిన పనిని తన పేరుతో సమర్పించడం విద్యా నైతికతకు విరుద్ధమని వేరే చెప్పాలా?

ఇక లోపాల సంగతి. థీసిస్ సమర్పణ గడువులు దగ్గరపడే నెలల్లో సమావేశానికి సమయం దొరకడం కష్టమవుతుంది. డేటా సేకరించాక మొదటిసారి వచ్చే వారితోనే ఆ రద్దీ పెరుగుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఈ పద్ధతిని తగ్గించాలంటే, సినాప్సిస్ ఆమోదానికి ముందు ఒక్క సమావేశమైనా జరిగి ఉండాలన్న నియమాన్ని విశ్వవిద్యాలయమే పెట్టాలి. గుణాత్మక పరిశోధన చేసే వారికి ఇక్కడ దొరికే సాయం బాగా తక్కువ. ఇంటర్వ్యూల పాఠాన్ని కోడింగ్ చేయడం, ఇతివృత్తాలను రాబట్టడం, కొత్త విషయాలు ఇక రావడం లేదని ఎప్పుడు నిర్ధారించుకోవాలో తేల్చడం వంటివాటిలో అనుభవమున్న సలహాదారును నియమించకుండా ఆ విద్యార్థులను గణాంకాల బల్ల దగ్గరికే పంపడం వారికి అన్యాయం చేయడమే.

గైడు పాత్ర గురించి కూడా కేంద్రం ఆలోచించాలి. సలహాదారు సూచించిన రూపకల్పనకు గైడు ఒప్పుకోకపోతే ఇద్దరి మధ్య నలిగేది విద్యార్థే. ప్రస్తుతం ప్రతి సమావేశం తర్వాత తీసుకున్న నిర్ణయాలను, వాటి కారణాలను ఒక పేజీలో రాసి విద్యార్థికి ఇస్తున్నారు. పరిశోధన పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు అది ఎంతో అక్కరకు వస్తుంది. అదే పేజీని గైడుకూ పంపి, నమూనా పరిమాణం ఖరారయ్యే సమావేశానికి ఆయననో ఆమెనో తప్పనిసరిగా పిలవాలి. ఆ ఏర్పాటు జరిగేదాకా, వెళ్లే విద్యార్థులు తమ గైడును తామే వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది.