కెన్యా సఫారీ: ఏ అడవిలో ఉండాలి, డబ్బు ఎవరికి చేరాలి

మసాయి మారా రిజర్వులో ఒక పగలు తిరగాలంటే విదేశీ పర్యాటకులు జులై నుంచి డిసెంబరు దాకా మనిషికి 200 డాలర్లు కట్టాలి. మిగతా ఆరు నెలలు 100 డాలర్లు. 2024 నుంచి ఇదీ లెక్క. ఆ టికెట్ కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. అమ్మ, నాన్న, తమ్ముడు, నేను, నలుగురం కలిసి వెళ్లాం కాబట్టి ఒక్క ప్రవేశ రుసుమే ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. ఇంత ఖర్చు పెట్టేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నాం, ఎక్కడ దిగుతున్నాం అన్నది బాగా ఆలోచించాలి. లాడ్జిలో పరుపు మెత్తగా ఉందా, బఫేలో ఎన్ని రకాలున్నాయన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. కెన్యాలో అడవి జంతువుల్లో సగానికి మించి జాతీయ పార్కుల బయటే, మసాయి, సంబురు తెగల, రైతుల భూముల్లోనే బతుకుతున్నాయి. ఆ భూములు నిలిస్తేనే జంతువులు నిలుస్తాయి. మనం కట్టే డబ్బు ఆ భూమి ఉన్నవాళ్లకు చేరుతోందా లేదా అన్నదే నేను చూసిన మొదటి విషయం.

నైరోబీతోనే మొదలుపెట్టాం. నగరాన్ని ఆనుకునే జాతీయ పార్కు ఉంది. 1946లో ఏర్పడిన ఈ పార్కే కెన్యాలో మొదటిది. విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. మూడు వైపులా కంచె, దక్షిణం వైపు తెరిచి ఉంటుంది. జిరాఫీల వెనక ఎత్తయిన భవనాలు కనిపిస్తాయి, పైన వంతెన మీంచి రైలు వెళ్తుంది. ఇంత దూరం వచ్చి నగరం పక్కనే జంతువులు చూడటమేంటని తమ్ముడు అన్నాడు గానీ, ఒక పూట ఇక్కడ గడపమనే నేను చెబుతాను. ఖడ్గమృగాలు ఇక్కడ తేలిగ్గా కనిపిస్తాయి. దక్షిణం వైపు ఇళ్లు, కంచెలు పెరిగేకొద్దీ జంతువులు రాకపోకలు సాగించే దారి ఎలా ఇరుకైపోతోందో బండిలోంచే కనిపిస్తుంది. 1989లో అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మొయి 12 టన్నుల ఏనుగు దంతాలను తగలబెట్టించింది ఈ పార్కులోనే. 2016 ఏప్రిల్‌లో ఉహురు కెన్యాట్టా హయాంలో 105 టన్నుల దంతాలు, టన్నుకు పైగా ఖడ్గమృగం కొమ్ములు తగలబెట్టిందీ ఇక్కడే. ఆ బూడిద కుప్పల దగ్గర బండి ఆపి దిగొచ్చు. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

అదే పార్కు అంచున షెల్డ్రిక్ ట్రస్టు వాళ్ల అనాథ ఏనుగు పిల్లల కేంద్రం ఉంది. 1977లో డాఫ్నీ షెల్డ్రిక్ తన భర్త పేరుమీద మొదలుపెట్టిన సంస్థ ఇది. సందర్శకులకు ఉదయం 11 నుంచి 12 వరకు గంట మాత్రమే సమయం, ముందే బుక్ చేసుకోవాలి. గున్నలు వరసగా పరుగెత్తుకుంటూ వచ్చి పాలసీసా పట్టుకుంటాయి. ఒక చిన్నది సీసా ఖాళీ అయ్యాక సంరక్షకుడి ఆకుపచ్చ కోటు జేబులోకి తొండం పెట్టి వెతకడం మొదలుపెట్టింది. ఆయన దాని నోట్లో వేలు పెడితే ఆ వేలే చప్పరిస్తూ కళ్లు మూసుకుంది. తొండం మొదట్లో సన్నటి గోధుమరంగు వెంట్రుకలు, వాటికంటుకున్న ఎర్రమట్టి కూడా కనిపించేంత దగ్గరగా ఉన్నాం. ఈ సంరక్షకులు రాత్రిళ్లు గున్నల పక్కనే పడుకుంటారు. పెద్దయ్యాక వాటిని సావో వైపు తీసుకెళ్లి అక్కడి జాతీయ పార్కులో మెల్లగా అడవి మందల్లో కలుపుతారు. వేటగాళ్ల వల్ల తల్లిని పోగొట్టుకున్నవి, కరువుకు విడిపోయినవి, బావుల్లో పడినవి ఇక్కడికి చేరతాయి. గంటే అయినా ప్రయాణంలో అమ్మకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

నకూరు సరస్సు పార్కు గురించి ఎక్కువ చెప్పను. సరస్సంతా గులాబీ రంగులో ఫ్లెమింగోలు ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. పదేళ్లకు పైగా సరస్సు నీటిమట్టం పెరుగుతూ వచ్చి పాత ప్రధాన గేటు కూడా మునిగింది. నీటిలో ఉప్పదనం తగ్గడంతో పక్షులు తినే నాచు తగ్గింది, చాలా పక్షులు బోగోరియా సరస్సు వైపు వెళ్లిపోయాయి. చుట్టూ కంచె వేసిన పార్కు కాబట్టి ఖడ్గమృగాలు బాగానే కనిపిస్తాయి. రూట్లో తగిలితే ఆగండి, అదే పనిగా వెళ్లొద్దు.

ఓల్ పెజెటాకు మాత్రం అదే పనిగా వెళ్లాలి. నైరోబీ నుంచి నన్యుకి పట్టణం దాకా మంచి రోడ్డు, నాలుగు గంటల ప్రయాణం. ఒకప్పుడు పశువుల పెంపక క్షేత్రం అయిన ఈ భూమి ఇప్పుడు దాదాపు 360 చదరపు కిలోమీటర్ల కన్సర్వెన్సీ, అంటే జంతువుల కోసం కాపాడే భూమి. బోరాన్ ఆవులు, సింహాలు, ఖడ్గమృగాలు ఒకే గడ్డిమైదానంలో ఉంటాయి. సాయంత్రానికి ఆవులను ఇనుప కంచె దొడ్లలోకి తోలేస్తారు. తూర్పు ఆఫ్రికాలో నల్ల ఖడ్గమృగాలు అన్నిటికంటే ఎక్కువున్న చోటు ఇదే. స్వీట్‌వాటర్స్ క్యాంపులో గుడారం ముందే నీటి గుంట ఉంది. రాత్రి అక్కడికి వచ్చే జంతువులను వరండాలో కుర్చీ వేసుకుని చూడొచ్చు. గుడారమన్న మాటే గానీ లోపల మంచం, వేడినీళ్లు, టాయిలెట్ అన్నీ ఉంటాయి. ఎత్తు ప్రాంతం కాబట్టి చలి గట్టిగానే ఉంటుంది. పక్కలో వేడినీళ్ల సంచులు పెట్టి వెళ్తారు, పెద్దవాళ్లకు అది పెద్ద ఉపకారం.

ప్రపంచంలో మిగిలిన ఇద్దరే ఇద్దరు ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు ఇక్కడే ఉన్నాయి, నాజిన్, ఆమె కూతురు ఫాటు. 2009 డిసెంబరులో చెక్ దేశపు జూ నుంచి వచ్చాయి. చివరి మగది, సుడాన్, 2018 మార్చి 19న చనిపోయింది. విడిగా రుసుము కడితే రేంజర్ మనల్ని వాటి ఆవరణలోకి తీసుకెళ్తాడు. వేటగాళ్ల భయంతో కొమ్ములు రంపంతో కోసేశారు. మొండిగా మిగిలిన కొమ్ము కొస మీద గీతలు కనిపిస్తాయి. చెవుల అంచున వెంట్రుకల కుచ్చులు, ఏ చప్పుడైనా ఆ చెవులు అటు తిరుగుతాయి. గడ్డి కొరికే చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. ఫాటు అండాలను, దాచిపెట్టిన మగ ఖడ్గమృగాల వీర్యంతో కలిపి పిండాలు తయారుచేశారు. వాటిని దక్షిణాది తెల్ల ఖడ్గమృగాల గర్భంలో పెంచాలన్నది శాస్త్రవేత్తల ప్రయత్నం. ముందు దక్షిణాది పిండంతోనే ప్రయోగం చేస్తే గర్భం నిలిచిందని 2024 జనవరిలో ప్రకటించారు. కానీ ఆ తల్లి అప్పటికే బ్యాక్టీరియా సోకి చనిపోయింది, కడుపులో పిండం వయసు 70 రోజులు. ఇదంతా రేంజర్ చెబుతుంటే నాకు బాధతో పాటు కోపమూ వచ్చింది. ఒక జాతిని ఇద్దరు ఆడవాటి దాకా తెచ్చి, ఇప్పుడు ల్యాబుల్లో వెతుక్కోవాల్సి వస్తోంది. 1970ల్లో కెన్యాలో 20 వేల దాకా ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1980ల చివరికి 400 లోపుకు పడిపోయాయి. 2021 గణనలో 897కి చేరాయి. కాపలా కాస్తే పెరుగుతాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు, కాకపోతే ఆ కాపలాకు బోలెడు డబ్బు కావాలి.

అంబోసెలి 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు. కిలిమంజారో మంచు, వాన నీరు భూమిలోకి ఇంకి ఇక్కడ ఊటలుగా పైకి వస్తుంది. చుట్టూ దుమ్ము, మధ్యలో పచ్చటి చిత్తడి. ఏనుగులు పొట్టదాకా నీళ్లలో దిగి మేస్తుంటాయి. 1972లో సింథియా మాస్ మొదలుపెట్టిన పరిశోధన వల్ల ఇక్కడి ఏనుగు కుటుంబాలన్నిటికీ పేర్లున్నాయి, ఎవరి బిడ్డ ఎవరో తెలుసు. పార్కు లోపలున్న ఓల్ తుకాయ్ లాడ్జిలో దిగితే మంచిది. ఏనుగుల మందలు దాటే దారి గదుల ముందే. గేటు బయటి లాడ్జిల్లో ధర తక్కువ, కానీ పొద్దున్నే గేటు దగ్గర లైన్లో నిలబడేసరికి కొండ మీద మబ్బు కమ్మేస్తుంది. కిలిమంజారో కనిపించేది తెల్లవారాక కాసేపే.

పార్కు చిన్నది కాబట్టి ఏనుగులు రోజూ బయటి మసాయి భూముల్లోకి వెళ్తాయి. ఒకప్పుడు ఉమ్మడి పశువుల మేత భూములుగా ఉన్న అవి ఇప్పుడు వ్యక్తుల పేర పట్టాలుగా విడిపోతున్నాయి. పట్టా వచ్చాక కొందరు కంచె వేస్తారు, కొందరు అమ్ముతారు. కిమానా వైపు దారిలో టమాటా, ఉల్లి తోటలు, వాటి చుట్టూ కరెంటు తీగలు చూశాం. తన చిన్నప్పుడు ఈ దారిలో ఒక్క కంచె కూడా లేదన్నాడు మా డ్రైవర్. "మేపుకోవడానికి ఆవులుండేవి, ఇప్పుడు పిల్లల ఫీజులకు టమాటా కావాలి," అన్నాడు. 2022 కరువులో ఫిబ్రవరి నుంచి అక్టోబరు మధ్య దేశంలో 205 ఏనుగులు, జింక జాతికి చెందిన 512 విల్డబీస్ట్‌లు చనిపోయాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. వాటికి నీళ్లు, మేత వెతుక్కుంటూ పోవడానికి దారి లేకపోతే వచ్చే కరువు ఇంకా ఘోరంగా ఉంటుంది. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పంట తొక్కేస్తే రైతు పడే బాధ తెలిసినవాళ్లం, ఇక్కడి రైతును తప్పు పట్టలేం. జంతువు బతికితే తనకూ లాభముందని రైతుకు అనిపించాలి. సింహాలను ఈటెలతో వేటాడిన మసాయి యువకులే 2007 నుంచి లయన్ గార్డియన్స్‌గా వాటి జాడ తీసి, పశువుల కాపరులను ముందే హెచ్చరిస్తున్నారు. వాళ్లకు నెలజీతం వస్తుంది, ఊళ్లో గౌరవమూ ఉంది.

ఇక మారా. ఆగస్టులో వెళ్లాం, టాంజానియాలోని సెరెంగెటి నుంచి విల్డబీస్ట్ మందలు వచ్చి ఉన్నాయి. చూసి తీరాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ రిజర్వు లోపల, సెకెనాని గేటు వైపు, ఒక చీతా చుట్టూ ఇరవైకి పైగా బళ్లు మూగాయి. అది వేటకు పొంచి ఉంది, దాని ముందు నుంచే రెండు వ్యాన్లు పోయాయి, గజెల్ జింకలు పారిపోయాయి. పిల్లలకు తిండి పెట్టాల్సిన తల్లి అది. మా బండిలో ఎవరికీ ఫోటో తీయాలనిపించలేదు, వెనక్కి వెళ్లిపోదామని డ్రైవర్‌కు చెప్పాం. విల్డబీస్ట్ మందలు నది దాటే చోటా ఇదే తంతు. రిజర్వులో పడమటి భాగమైన మారా త్రికోణం 2001 నుంచి లాభాపేక్ష లేని సంస్థ నిర్వహణలో ఉంది. అటు రోడ్లు బాగున్నాయి, క్రమశిక్షణ కూడా నయం. సీజన్లో రిజర్వుకే వెళ్లాలంటే ఆ వైపు ఎంచుకోండి.

నా ఓటు మాత్రం రిజర్వు చుట్టూ ఉన్న కన్సర్వెన్సీలకే. నబోయిషో, ఓలారె మోటొరోగి, మారా నార్త్ లాంటివి. మసాయి కుటుంబాలు తమ పట్టా భూములను కలిపి క్యాంపులకు కౌలుకిస్తాయి. నబోయిషోలో 500కు పైగా కుటుంబాలున్నాయి. పర్యాటకులు వచ్చినా రాకపోయినా నెలనెలా కౌలు అందాలన్నది ఒప్పందం. 2020లో కోవిడ్‌తో ఆదాయం ఆగిపోయినప్పుడు ఆ చెల్లింపులకే కష్టమొచ్చింది. ఒక జంతువు దగ్గర ఐదు బళ్లకు మించి ఉండకూడదు. రిజర్వులో కుదరని రాత్రి సఫారీ, కాలినడక సఫారీ ఇక్కడ ఉంటాయి. మేం ఉన్న క్యాంపులో పదిలోపే గుడారాలు. వంటవాళ్లు, గైడ్లు, రాత్రి కాపలా మనుషులు అందరూ చుట్టుపక్కల ఊళ్ల మసాయిలే. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనానికి ఒంటరిగా నడవనివ్వరు, కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడు. నాన్న శాకాహారి అని ముందే చెప్పడంతో చపాతీ, సుకుమా వికి అనే ఆకుకూర, బీన్స్ మొక్కజొన్నల గితేరి వేడిగా వండి పెట్టారు. ఖర్చు మాత్రం ఎక్కువే, గేటు బయటి క్యాంపుకు రెండింతలు మూడింతలు. రెండు చోట్లా సగం సగం ఉండి రోజులు తగ్గించుకుంటే సరిపోతుంది.

సెకెనాని గేటు బయట తక్కువ ధర క్యాంపు ఒకదాంట్లో కూడా దిగాం. పేరు చెప్పను. వేడినీళ్లు రాత్రి ఒక గంటే వచ్చాయి, సగం రాత్రి దాకా జనరేటర్ మోత. మంచం, భోజనం పర్లేదు. ఇబ్బంది పెట్టింది ఏంటంటే నేను రెండుసార్లు అడిగినా, భూమి ఎవరిది, వాళ్లకు కౌలు వెళ్తుందా అన్నది చెప్పే మనిషి అక్కడ దొరకలేదు.

బండి విషయంలో రాజీ పడొద్దు. పైకప్పు లేచే వ్యాన్లు చవక, కానీ వాన పడితే మారా నల్లరేగడిలో కూరుకుపోతాయి. ల్యాండ్ క్రూయిజర్ తీసుకోండి, నడుం నొప్పి ఉన్నవాళ్లకు ముందు సీట్లు ఇప్పించండి. విమానంలో మారాకు వెళ్తే నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానాలు, 15 కిలోల మెత్తటి సంచులే ఎక్కనిస్తారు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2020 జూన్ నుంచి పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలూ తేకూడదు. స్టీల్ బాటిళ్లు పట్టుకెళ్లండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది. మలేరియా మాత్రలు డాక్టర్‌ను అడిగే వేసుకోండి.

బుక్ చేసేముందు ఆపరేటర్‌ను ఈ మాటలు అడగండి: క్యాంపు ఉన్న భూమి ఎవరి పేర ఉంది, వాళ్లకు కౌలు ఎలా చేరుతుంది, కన్సర్వెన్సీ ఫీజు బిల్లులో విడిగా చూపిస్తారా, జంతువు దగ్గర ఎన్ని బళ్లకు అనుమతి, గైడు ఏ ఊరివాడు. మేం అడిగిన వాళ్లలో కొందరు రెండు రోజుల్లో వివరంగా రాసి పంపారు, ఇద్దరు మాత్రం డిస్కౌంట్ గురించే మాట్లాడారు. వివరం పంపినవాళ్లతోనే వెళ్లాం.