అమెరికా దారా, మన దారా: సామ్రాజ్యం నుంచి బయటపడటానికి ఏది మేలు?

తిరుపతిలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు నేను చరిత్ర చెప్తాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, అమెరికావాళ్లలా యుద్ధం చేసి తెంచుకోవడం మేలా, మనలా ఉద్యమాలు చేసి, చివరికి మాట్లాడి తీసుకోవడం మేలా?" 1776లో వాళ్లు, 1947లో మనం బ్రిటిష్ పాలన వద్దని బయటపడిన కథలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను.

నా లెక్కలో అసలు తేడా యుద్ధం దగ్గర లేదు. పాత దొర వెళ్లిన మర్నాడు పన్ను ఎవరు వసూలు చేస్తారు, సిపాయికి జీతం ఎవరిస్తారు? అది చూడాలి.

అమెరికాలో 13 బ్రిటిష్ వలస రాజ్యాలకూ ఎవరి సభ వాళ్లకుంది, వర్జీనియాకైతే 1619 నుంచే. ఎవరి ఇల్లు వాళ్లు నడుపుకోవడం వచ్చు, ఉమ్మడి కాపురమే రాదు. ఆ వలసలే రాష్ట్రాలై రాసుకున్న ఉమ్మడి ఒప్పందం 1781లో అమల్లోకి వచ్చింది, అందులో కేంద్రానికి పన్ను వేసే హక్కే లేదు, డబ్బు కోసం రాష్ట్రాల ముందు చెయ్యి చాచాలి. పోరాడిన సైనికులకు జీతాలు బాకీ. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులూ పన్నులూ కట్టలేక రైతులు తిరగబడితే, అణచడానికి కేంద్రం దగ్గర సైన్యమే లేకపోయింది. ఆ టెన్షన్‌లోనే 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాశారు, 1789లో గానీ కొత్త ప్రభుత్వం రాలేదు. స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక 13 ఏళ్లు!

మన రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9నే, అంటే స్వాతంత్ర్యానికి ఎనిమిది నెలల ముందే కూర్చుంది. కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చేదాకా, బ్రిటిష్‌వాళ్లు పాలన కోసం చేసిన 1935 చట్టాన్నే మార్పులు చేసి వాడుకున్నాం. కొత్త ఇల్లు లేచేదాకా పాతింట్లోనే వండుకు తిన్నట్టు. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌నే చూడండి: బ్రిటిష్ కాలంలో కేంద్ర శాసనసభ, తర్వాత రాజ్యాంగ సభ, 1952లో తిరుపతి నుంచి లోక్‌సభ, 1956లో ఆ సభకే స్పీకర్. దొరల సభలో పని నేర్చుకున్న మనిషే మన సభను నడిపారు.

ఒక్క విషయంలో వాళ్లదే పైచేయి. అమెరికావాళ్లు తమ రాజ్యాంగాన్ని రాష్ట్రాల్లో దానికోసమే ఎన్నుకున్న సభల్లో చర్చకు పెట్టి ఒప్పించుకున్నారు. మన రాజ్యాంగ సభను ఎన్నుకున్నవి కొద్దిమందికే ఓటున్న నాటి రాష్ట్ర శాసనసభలు. ఇంకోటి, మాటలతో వచ్చింది కాబట్టి నెత్తురు చిందలేదనకండి, విభజనలో లక్షల ప్రాణాలు పోయాయి.

వేరే దారులూ ఉన్నాయి. ఫ్రాన్సు వలసగా ఉన్న హైతీలో బానిసలు 1804లో ఫ్రాన్సును ఓడించి విడిపోతే, 1825లో ఆ ఫ్రాన్సే వాళ్లమీద 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం రుద్దింది. కెనడా, ఆస్ట్రేలియా మెల్లగా విడివడ్డాయి, అంతే.

నేను మొగ్గేది మన దారివైపే. అమెరికా రాజ్యాంగం, రాష్ట్రాలకు ప్రతినిధుల సభ సీట్లు పంచే లెక్కలో బానిసను ఐదింట మూడొంతుల మనిషిగా కట్టింది. ఇక్కడ మొదటి సాధారణ ఎన్నికల్లోనే 21 ఏళ్లు నిండిన ఆడా మగా అందరికీ ఓటు. అప్పట్లో అభ్యర్థికో పెట్టె, దానిమీద గుర్తు. చంద్రగిరి దగ్గర పల్లెలో, అక్షరం ముక్క రాని మా అవ్వ కాంగ్రెస్ గుర్తు జోడెద్దులున్న పెట్టె వెతుక్కుని చీటీ వేసిందట. అది సగంలో ఇరుక్కుంటే, లోపల పడిన చప్పుడు వినేదాకా వేలితో నెడుతూనే ఉందట.