పాత సిగ్నల్ జనరేటర్‌కు కొత్త ముందు ప్యానెల్: ఫిల్మ్ అతికించాలా, చెక్కించాలా?

ఏది ఎంచుకున్నా అసలు ప్యానెల్‌ను ఏమీ మార్చకుండా విప్పి దాచండి, 2 మి.మీ. అల్యూమినియం రేకుతో కొత్తది చేయండి.

ఫిల్మ్ పద్ధతిలో పారదర్శక షీట్ వెనుక వైపు అద్దంలో ప్రతిబింబంలా తిప్పి ప్రింట్ తీయాలి. టోనర్ (లేజర్ ప్రింటర్ రంగు పొడి) లోపల ఉంటుంది కాబట్టి వేళ్ల రాపిడికి అక్షరాలు చెరగవు. మామూలు లేజర్ ప్రింటర్‌లో తెల్ల టోనర్ ఉండదు. నల్లని నేపథ్యం ముద్రించి, అక్షరాలను ఖాళీగా వదిలి, వెనుక తెల్ల స్ప్రే పెయింట్ పల్చగా రెండు పూతలు వేయండి. మొదటి పూత చిక్కగా పడితే టోనర్ కరిగి అంచులు అలుక్కుపోతాయి. ముందుగా 100 మి.మీ. గీత ప్రింట్ తీసి కొలవండి. అది 99 వచ్చినా చివరి నాబ్ దగ్గరికొచ్చేసరికి గుర్తులు పక్కకు జరిగిపోతాయి.

చెక్కడానికి 60 డిగ్రీల వి-బిట్ (V ఆకారపు మొన ఉన్న చెక్కే బిట్), 0.2 మి.మీ. లోతు చాలు. అసలు చిక్కు రేకు వంపుతోనే: 0.1 మి.మీ. ఎత్తుపల్లం ఉన్నా ఒక మూల అక్షరాలు లావుగా, మరో మూల సన్నగా వస్తాయి. గాడుల్లో ఎనామెల్ నింపాక మెత్తటి గుడ్డతో తుడిస్తే రంగు లోపలి నుంచి లేచొస్తుంది. అట్టముక్కకు బిగించి చుట్టిన గుడ్డ వాడాలి.

స్కేల్ గుర్తులు ఇంకా మారే అవకాశం ఉంటే ఫిల్మే నయం. చెక్కినదాన్ని దిద్దలేం. రెండింట్లోనూ బీఎన్‌సీ సాకెట్ (సిగ్నల్ కేబుల్ తగిలించే గుండ్రని సాకెట్) వెనుక పెయింట్, ఆనోడైజింగ్ (అల్యూమినియం మీది కరెంటు పారని ఆక్సైడ్ పొర) గీకేయండి. లేకుంటే గ్రౌండ్ సరిగా అందదు.