ఆటపాకలో గూడబాతుల వేట చూడాలంటే బోటు దిగాలి

గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు చూడటానికైతే సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చాలు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు, టవరెక్కితే హాయిగా కనిపిస్తాయి. కాకపోతే తిండి కోసం అవి పులికాట్ సరస్సు వైపు పోతాయి. పోయినేడు అక్కడ ఒక పూటంతా కూర్చున్నా అవి చేపల్ని వేటాడటం మా కంట పడలేదు. అందుకే ఈసారి సంక్రాంతి హడావుడి తగ్గాక కొల్లేరు దగ్గరి ఆటపాక చూద్దామని మా ఆవిడా నేనూ కైకలూరులో రైలు దిగాం.

లాడ్జి పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది. ఫోన్‌లో గీజర్ ఉందన్నారు, తీరా వెళ్తే వేడినీళ్లు ఏడు దాటాకే, అదీ బకెట్‌తో. మేమేమో ఐదున్నరకల్లా బయటపడాలి. రెండు రోజులూ చన్నీళ్లే గతి. ఏలూరులో ఇంతకంటే మంచి హోటళ్లున్నాయి కానీ, అక్కణ్ణుంచి బయల్దేరితే వేట టైము దాటిపోతుంది. నన్నడిగితే చన్నీళ్లే నయం. ఆటో మాత్రం ముందురోజు రాత్రే మాట్లాడి పెట్టుకోండి.

మొదటిరోజు బోటెక్కాం. ఇనప స్టాండ్ల మీద కట్టిన గూళ్లను అంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేదు. ఒక పిల్ల తల్లి గొంతులోకి తలంతా దూర్చేసింది, మా ఆవిడ భయపడిపోయింది. తినడమే అలా! పిల్లల్ని తీసుకెళ్తే బోటు తప్పకుండా ఎక్కించండి. వేట కోసమైతే దండగ. ఇంజన్ చప్పుడుకి నీటి మీదున్నవన్నీ ముందే పక్కకి జరిగిపోతాయి.

సాయంత్రం టీ కొట్టు దగ్గర చేపల చెరువుల్లో పనిచేసే ఒక పెద్దాయన మా బైనాక్యులర్ చూసి, "బోటెందుకు బాబూ, గట్టు మీద కదలకుండా కూర్చోండి, అవే వస్తాయి" అన్నాడు. మర్నాడు తనే వెంటబెట్టుకెళ్లాడు.

మంచు ఇంకా విడలేదు. ముందు రెండు గూడబాతులు, తర్వాత ఇంకో ఏడు వచ్చి వాలాయి. కాసేపు ఎవరి దారి వాళ్లదే. ఎప్పుడు కుదిరిందో గానీ, తొమ్మిదీ విల్లులా వంగిన వరసగా మారి మా గట్టు వైపే ఈదుకుంటూ వచ్చాయి. లోతు తగ్గేకొద్దీ వరస బిగిసింది. ముక్కులు దాదాపు ఒకేసారి నీళ్లలోకి దిగాయి. తల ఎత్తగానే మింగేయవు. ముక్కు ఛాతీకి ఆనించి, సంచిలో నీళ్లన్నీ కారిపోయేదాకా ఆగి, అప్పుడు ఒక్క గుటక. ఇంతలో నీటికాకులు మధ్యలో దూరి మునకలేశాయి. తప్పించుకుని ఒడ్డుకొచ్చిన చిన్న చేపల్ని తెల్లకొంగలు నిలబడ్డచోటే ఏరుకున్నాయి.

చెరువులో చేపలు పట్టే రోజు, అదే పట్టుబడి రోజు, వల లాగే మనుషులూ ఇలాగే చెరువు వెడల్పునా బారుగా నడుస్తారు. పెద్దాయన నవ్వి, "వల లేదంతే, పని మాదే" అన్నాడు. ఒక్కటే తేడా, పట్టుబడిలో వాటాలుంటాయి. ఇక్కడ దొరికినవాడిదే చేప. వరస చివరి బాతుకి మా కళ్లముందు ఒక్కటీ దొరకలేదు, అయినా వరస వదల్లేదు.

ఇది రోజూ కనపడే తంతు కాదు. మన గూడబాతు ఎక్కువగా ఒంటరిగానో, చిన్న గుంపులోనో వేటాడుతుంది. గుంపు వేటకి పేరు మోసింది వేరే జాతి, తెల్ల గూడబాతు. అందుకే రెండు తెల్లవారుజాములైనా పెట్టుకోండి. పెద్ద లెన్సు లేకపోయినా ఫర్లేదు, మామూలు బైనాక్యులర్ సరిపోతుంది. అవతలి చెరువుల్లో టపాసులు పేల్చి పక్షుల్ని తోలుతున్నారు. పెట్టుబడి పెట్టినవాళ్ల బాధ వాళ్లది. ఆ చప్పుడు మొదలైతే మాత్రం వేట అయిపోయినట్టే.

మేము చూసిందంతా పది నిమిషాలు ఉంటుందేమో. తొమ్మిదింటికి ఆటో అతను వచ్చి, "బోటు టికెట్ తీసుకోమంటారా?" అన్నాడు. ముందు ఎక్కడైనా వేడి ఇడ్లీ చూపించమన్నాం.