మార్గశిరం చలిలో మన్ననూరు

నల్లమలకు పోతున్నాం అనగానే మా అమ్మ అన్న మాట: "అయితే మల్లన్న దర్శనం ఎన్నింటికి?" మా పాలమూరు వాళ్లకు ఆ రోడ్డంటే అంతే. నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటితే ఇక శ్రీశైలమే. మధ్యలో అడవి ఉందని తెలుసుగానీ ఎవరూ దిగరు. నేనూ నలభై ఏళ్లు అలాగే పోయి వచ్చాను. మొన్న డిసెంబరులో మాత్రం రెండు రాత్రులు అడవి కోసమే ఆగాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా వాడు, అమ్మ.

తేదీలు కుదుర్చుకోవడానికే వారం పట్టింది. కార్తీకంలో ఆ రోడ్డు మీద భక్తుల బండ్లు బారులు తీరతాయి. సంక్రాంతికి మళ్లీ అదే రద్దీ. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. అందుకే కార్తీకం పోయి సంక్రాంతి ఇంకా రాని రోజుల్లో, అదీ మంగళ బుధవారాలు చూసుకున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. పులిని చూడాలనే పట్టుదల ఉంటే చలికాలం సరైన సమయం కాదు. డిసెంబరులో టేకు ఆకు ఇంకా రాలదు, నీళ్లు ఎక్కడంటే అక్కడ దొరుకుతాయి. జంతువు రోడ్డు పక్క కుంటకు రావాల్సిన పనేముంది? ఎండలు ముదిరాక ఆకు రాలి, గుంటలు ఎండితేనే కనబడే అవకాశం పెరుగుతుంది. కానీ ఆ ఎండలో అమ్మను తీసుకుపోలేను.

మొదటి రాత్రి ఘాట్‌కు దిగువన ఒక లాడ్జిలో దిగాం. ఫోన్‌లో "ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లు" అన్నాడు. తెల్లవారుజామున ఐదింటికి గీజరు వేస్తే ఎర్ర లైటు వెలిగింది, నీళ్లు మాత్రం బావినీళ్లలా ఉన్నాయి. కింద కుర్రాణ్ణి లేపితే "పొద్దెక్కినంక వస్తయి సార్, సోలార్‌వి" అని అటు తిరిగి పడుకున్నాడు. మరి ఆ లైటు దేనికో! చివరికి ఎదురుగా ఉన్న టీ హోటలు ఆమె పొయ్యి మీద కాచిన బకెట్ నీళ్లతో అమ్మ స్నానం అయింది. ఆమె డబ్బులు కూడా తీసుకోలేదు, రెండు టీలు ఎక్కువ తాగి వచ్చాం.

రెండో రాత్రి అదే శ్రీశైలం రోడ్డు మీద అడవి మొదట్లో ఉన్న మన్ననూరులో, అటవీశాఖ వాళ్ల గదుల్లో. మట్టి గోడల గది, పక్కనే అడవి. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. బసతోపాటు సఫారీ కలిపి ప్యాకేజీ ఇస్తారు. అది ఇద్దరి లెక్కన ఉంటుంది కాబట్టి మాలాంటి నలుగురికి రెండు గదుల ఖర్చు. లాడ్జికి పెట్టినదానికి ఎన్నో రెట్లు. అయినా మళ్లీ పోతే రెండు రాత్రులూ అక్కడే ఉంటాను. రాత్రి తొమ్మిదికి అటవీశాఖ చెక్‌పోస్టు గేటు పడ్డాక రోడ్డు సద్దుమణిగిపోతుంది. పొద్దున ఆరు దాకా అడవిలో బండ్లు తిరగనివ్వరు. ఆరు కొట్టగానే మాత్రం రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారే స్టార్టవుతాయి, అలారం అక్కర్లేదు.

ఫరహాబాద్ సఫారీకి తెల్లవారి మొదటి బండే ఎక్కండి. పైన టాపు లేని బండి, చలిగాలి చెవుల్లోంచి దూరి పళ్లల్లోకి వస్తుంది. మాకు తోడుగా వచ్చిన చెంచు కుర్రాడు నన్ను చూసి "చెవులకు కట్టుకోండ్రి సార్, మీకే ఎక్కువ కొడ్తది" అన్నాడు. నా బట్టతల సంగతి అన్నమాట. దుప్పుల గుంపు కనబడింది, దూరంగా ఒక కణుజు (సాంబారు జింక), రెండు నెమళ్లు. అంతే. కానీ ఒకచోట బండి ఆపించి, దిగి, దారి పక్కన నల్లగా పడి ఉన్నదాన్ని పుల్లతో విప్పి చూపించాడు. నిండా రేగు గింజలు, ఒక్కటీ నలగలేదు. "ఎలుగుది. రాత్రే పోయింది ఇట్ల. రేగుపండ్ల కాలం గదా." మా వాడు ఎంతో సీరియస్‌గా "గింజలు ఊసెయ్యదా?" అని అడిగాడు. ఇంటికొచ్చాక బడిలో చెప్పింది కూడా ఆ గింజల సంగతే. పులి కనబడలేదని ఒక్కసారీ అనలేదు.

ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిజాం కాలపు షికారు బంగళా శిథిలాలున్నాయి. అంచున నిలబడితే మన మైదానమే కింద పరుచుకుని ఉంటుంది. మంచు కింద చెరువులు, పల్లి చేలు. అమ్మ చాలాసేపు అటే చూసి, "గింత కిందున్నమా మనం?" అంది.

మల్లెల తీర్థం జలపాతం వటవర్లపల్లి దగ్గర్నుంచి లోపలికి. నీళ్లు సన్నగానే ఉన్నా ఉన్నాయి, వానాకాలపు ఉధృతి లేదు కాబట్టి పిల్లలతో భయం తక్కువ. మెట్లు మూడు వందల పైనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగొద్దు, దిగడం కాదు ఎక్కడమే కష్టం. అమ్మా నేనూ పైనే కూర్చుంటే ఒక కోతి జొన్నరొట్టెల సంచి లాక్కుపోయింది. దారిలో వాటికి తిండి వేసేవాళ్లను తిట్టుకున్నాను. తినడానికి దారిలో పెద్దగా ఏమీ దొరకదు, సంచి కారులోనే ఉంచండి. స్టీలు సీసాలు తెచ్చుకోండి, ప్లాస్టిక్ ఒప్పుకోరు. పెట్రోలు అచ్చంపేటలోనే కొట్టించుకోండి.

అడవి లోపలి శివుడి గుడి సలేశ్వరం ఎందుకు చూడలేదని మా బావ అడిగాడు. అది చైత్ర పౌర్ణమికి కొద్దిరోజులే తెరుస్తారు, డిసెంబరులో అటు దారి లేదు.

తిరుగు దారిలో ఉమామహేశ్వరం. అక్కడికి కొండ మీది దాకా బండి పోతుంది, శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. బండ కింద పాపనాశనం నీళ్లు చల్లగా చుక్కలు రాలుతుంటే అమ్మ దోసిలి పట్టి తలమీద చల్లుకుంది. ఇక మల్లన్న దర్శనం మాట ఎత్తలేదు. కారెక్కుతూ మాత్రం మా ఆవిడతో, "మళ్లొచ్చేటప్పుడు నాకింకో చెద్దరు పెట్టు బిడ్డా" అంది.