అపార్ట్‌మెంట్‌లో అందరికీ కబురు చేరాలంటే ఏది మేలు: ఎస్సెమ్మెస్సా, వాట్సాప్ గ్రూపా, బ్రాడ్‌కాస్టా?

40 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్ అనుకోండి. రేపు పొద్దున 8 నుంచి ట్యాంకు కడుగుతారు, మధ్యాహ్నం దాకా నీళ్లు రావు అన్న ఒక్క ముక్క అందరికీ తెలియాలి. కొత్తగా సెక్రటరీ అయినవాళ్లు ఎవరైనా ముందు చేసే పని వాట్సాప్‌లో గ్రూప్ పెట్టి అందరినీ అందులో వేసేయడం. వారం తిరిగేసరికి గుడ్ మార్నింగ్ పూలు, ఫార్వర్డ్ వీడియోలు, పార్కింగ్ గొడవలు నిండిపోయి నీళ్ల మెసేజ్ ఎక్కడో పైన కనపడకుండా పోతుంది, సగం మంది అప్పటికే గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేసి ఉంటారు. పెట్టాం కదా అని సెక్రటరీ, మాకెవరూ చెప్పలేదని మూడో అంతస్తు వాళ్లు. అందుకే నేను చూసేది ఒక్కటే: కబురు చివరి ఫ్లాట్ దాకా చేరిందా, లేదా.

ముందు మామూలు ఎస్సెమ్మెస్ సంగతి చూద్దాం, ఎందుకంటే దీన్ని చాలామంది పూర్తిగా వదిలేశారు. నెట్ అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్‌కీ వెళ్తుంది, కరెంటు పోయి వైఫై ఆగిపోయినా చేరుతుంది. పెద్దవాళ్లు, వాచ్‌మన్, పంపు చూసే మనిషి, వీళ్లకి ఇదే దిక్కు. చిక్కల్లా తెలుగులో రాస్తే వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో అయితే ఒక మెసేజ్‌లో 160 పడతాయి, తెలుగులో అయితే 70 మాత్రమే, పైగా గుణింతం గుర్తులూ ఒత్తులూ అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘స్త్రీ’ అని రాస్తే మనకి కనిపించేది ఒక అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు. మెసేజ్ పొడుగైతే ముక్కలవుతుంది, ముక్కకి 67 చొప్పున. అంటే ఫోన్ లెక్కలో 200 అక్షరాల తెలుగు మెసేజ్ 3 ఎస్సెమ్మెస్‌లు, దాన్ని 30 మందికి పంపితే 90. మన ప్రీపెయిడ్ ప్యాకుల్లో మామూలుగా రోజుకి ఇచ్చేది 100, కాబట్టి ఒక్క కబురుతోనే ఆ రోజు కోటా దాదాపు అయిపోతుంది. పొట్టిగా రాయండి, ‘రేపు 8 నుంచి 1 దాకా నీళ్లు రావు’ అంటే చాలు, నమస్కారాలూ ఇట్లు సెక్రటరీ అనే సంతకాలూ వద్దు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. గూగుల్ మెసేజెస్‌లో పదిమందిని కలిపి పంపబోతే అది ఫొటోలు పంపడానికి వాడే ఎమ్మెమ్మెస్‌గా మారిపోయే అవకాశం ఉంది, మన దగ్గర ఎమ్మెమ్మెస్ సాధారణంగా ప్యాకులో రాదు, విడిగా డబ్బులు కోస్తారు, లేదా అసలు పోదు. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి గ్రూప్ మెసేజింగ్ దగ్గర మాస్ టెక్స్ట్ ఎంచుకోండి. అప్పుడు ఒక్కొక్కరికీ విడి ఎస్సెమ్మెస్ వెళ్తుంది, జవాబులు మీ ఒక్కరికే వస్తాయి. అదే యాప్‌లో ఆర్‌సీఎస్ గ్రూప్ కూడా ఉంది (ఆర్‌సీఎస్ అంటే ఎస్సెమ్మెస్ లాగే ఉండి నెట్ మీద వెళ్లే మెసేజ్), 100 మంది దాకా పడతారు, కానీ ఆర్‌సీఎస్ లేనివాళ్లు ఒక్కరున్నా గ్రూప్ మొత్తం మళ్లీ పాత పద్ధతికి జారిపోతుంది. 40 ఇళ్లలో అందరికీ అది ఆన్‌లో ఉంటుందన్న నమ్మకం నాకు లేదు, అందుకే దాన్ని పక్కన పెట్టాను.

అసలు పోటీ వాట్సాప్ గ్రూప్‌కీ, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌కీ మధ్యే. బ్రాడ్‌కాస్ట్‌లో 256 మంది దాకా వేయొచ్చు, ప్రతి ఒక్కరికీ మీరు విడిగా పంపినట్టే వస్తుంది, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. ఇది చిన్న విషయం కాదు. ఒంటరిగా అద్దెకుంటున్న ఆడపిల్ల నంబరు ముక్కూ మొహం తెలియని 40 ఇళ్లకి చేరడం ఆ అమ్మాయికి నిజంగా టెన్షన్, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ బ్రాడ్‌కాస్ట్‌లో పెద్ద లోపం ఉంది: అవతలివాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది, లేకపోతే పోనే పోదు, మీకు ఎవరూ చెప్పరు కూడా. ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు, కొత్తగా దిగేవాళ్లు ఉన్న చోట ఇది ప్రతి నెలా బెడిసికొడుతుంది.

గ్రూప్‌లో ఆ బెడద లేదు, 1024 మంది దాకా పడతారు. పైగా మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే ఎవరికి చేరింది, ఎవరు చదివారు పేర్లతో సహా తెలుస్తుంది. నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్లవి కూడా గ్రూప్‌లో కనిపిస్తాయి. కాబట్టి నా ఓటు గ్రూప్‌కే, కానీ ఒక షరతుతో. గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి మెంబర్లు మెసేజ్‌లు పంపే వీలు తీసేయండి, అడ్మిన్లు మాత్రమే రాయాలి. కబుర్లు చెప్పుకోడానికి వేరే గ్రూప్ పెట్టుకోమనండి, ఇష్టమున్నవాళ్లు ఉంటారు. నంబరు బయటపడటం ఇష్టం లేనివాళ్లని ముందే అడిగి వాళ్లకి బ్రాడ్‌కాస్ట్‌లో పంపండి, మీ నంబరు వాళ్ల ఫోన్‌లో దగ్గరుండి సేవ్ చేయించండి.

టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు, కొత్తగా చేరినవాళ్లకి పాత మెసేజ్‌లు చూపించవచ్చు, నెలవారీ లెక్కల పీడీఎఫ్‌లు పెట్టుకోడానికి బాగుంటుంది. అందరి చేతా ఇంకో యాప్ వేయించడం మాత్రం అయ్యే పని కాదు.

ఇక చిక్కులు. ఎవరినైనా గ్రూప్‌లో వేస్తుంటే పడటం లేదంటే వాళ్ల ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూప్స్ దగ్గర మై కాంటాక్ట్స్ అని ఉండి ఉంటుంది, ఇన్వైట్ లింక్ పంపితే సరిపోతుంది. ఫ్లాట్ అద్దెకిచ్చి అమెరికాలో ఉన్న ఓనర్లు వాట్సాప్‌లో కనిపించకపోతే నంబరు ముందు ప్లస్ 1 పెట్టి సేవ్ చేయండి, వాళ్లు మీ నంబరు ముందు ప్లస్ 91 పెట్టుకోవాలి. వాళ్లకి ఎస్సెమ్మెస్ జోలికి వెళ్లకండి, ఆ రోజువారీ 100 లెక్కలోకి విదేశీ నంబర్లు రావు.

గ్రూప్‌లో రెండు టిక్కులు పడలేదని కంగారొద్దు, అందరికీ చేరితేనే రెండోది పడుతుంది, ఒక్కరి ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా ఒక్కటే ఉంటుంది. మెసేజ్ వచ్చినా మోగట్లేదు, యాప్ తెరిస్తేనే వస్తోంది అంటే ఎక్కువసార్లు బ్యాటరీ సేవింగే కారణం. షావోమీ, వివో, ఒప్పో లాంటి ఫోన్లలో వాట్సాప్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ నియంత్రణ తీసేయండి. ఆర్కైవ్‌లో పడిపోయిందేమో కూడా చూడండి, అక్కడున్న చాట్లు కొత్త మెసేజ్ వచ్చినా పైకి రావు.

అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి. ఉన్న ఒక్క అడ్మిన్ ఇల్లు మారి గ్రూప్‌లోంచి వెళ్లిపోతే వాట్సాప్ తనకి తోచిన ఇంకొకర్ని అడ్మిన్ చేస్తుంది, అది ఎప్పుడూ ఫోన్ చూడని మనిషి అయితే మెసేజ్ పెట్టేవాళ్లే ఉండరు.